పాఠం 11: 32 కిలోమీటర్లు పూర్తి కాలేదా? అయినా మళ్లీ వద్దు

మారథాన్‌కి, అంటే 42 కిలోమీటర్ల రేసుకి, తయారవుతున్న మిమ్మల్ని పోయిన పాఠంలో 32 కిలోమీటర్ల లాంగ్ రన్ చెయ్యమన్నాను. చేసొచ్చాక మీరు రాసినవన్నీ చదివాను. కొందరు 26 దగ్గర పిక్కలు పట్టేసి, ఆటో ఎక్కి ఇంటికొచ్చారు. కొందరు 32 పూర్తి చేశారు గానీ, మెల్లగా వెళ్లమన్న మాట పక్కన పెట్టి రేసు పేస్‌లో, అంటే రేసు రోజు పరిగెత్తాల్సిన వేగంతో లాగించేశారు. సోమవారం మెట్లు దిగడానికి గోడ పట్టుకున్నారు. ఒకాయన "బాగానే ఉంది కదా సార్" అనుకుంటూ 38 దాకా పోయాడు. మూడు రకాల వాళ్లూ చివర్లో అడిగింది ఒకటే: ఈ ఆదివారం ఇంకోసారి లాంగ్ రన్ చెయ్యమంటారా?

వద్దు.

ఈ పాఠం రేసుకి ముందు చివరి మూడు వారాల గురించి, అంటే పరుగు దూరాన్ని వారం వారం తగ్గించుకుంటూ వచ్చే టేపర్ గురించి. కానీ ఆ "ఇంకోసారి" మీ బుర్రలోంచి పోకపోతే టేపర్ మొదలే కాదు. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

లాంగ్ రన్ అలసట ఆ రోజే కాళ్లకెక్కుతుంది. దాని లాభం అందడానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. రేసుకి మూడు వారాలుండగా చేసిన లాంగ్ రన్ లాభం మీకు అందుతుంది, అలసట తీరడానికీ టైమ్ ఉంటుంది. అదే పని రెండు వారాల ముందు చేస్తే లాభం అందీ అందకుండా ఉంటుంది, అలసట మాత్రం మిగిలిపోతుంది. వరి ఈనేశాక యూరియా చల్లితే ఆకు పచ్చబడుతుందేమో గానీ గింజ పెరగదు, పైగా పురుగొస్తుంది. ఇదీ అంతే.

26 దగ్గర ఆగిపోయినవాళ్లు కిలోమీటర్లు కాదు, టైమ్ చూసుకోండి. కిలోమీటరుకు 7:18 చొప్పున వెళ్లినవాళ్లకు 26 కిలోమీటర్లంటే మూడు గంటల పది నిమిషాలు. మూడు గంటలు దాటి కాళ్ల మీద ఉన్నారంటే ఆ రోజు పని అయిపోయినట్టే. 32 అనే అంకెకు మహత్యమేమీ లేదు. ఇంతకుముందు నెలలో 22, 24, 26 చేసి ఉంటే మీ దగ్గర సరుకుంది. ఒకావిడ ఆరున్నరకి మొదలుపెట్టానని రాశారు. ఈ ఉక్కలో ఆరున్నరకి మొదలుపెడితే చివరి గంటంతా ఎండలోనే. పిక్కలు పట్టేసింది దానికే తప్ప మీలో దమ్ము లేక కాదు.

ఇప్పటిదాకా ఒక్కసారి కూడా 18 దాటనివాళ్ల విషయం వేరు. వాళ్లు మొహమాటపడకుండా హాఫ్ మారథాన్‌కి మార్చుకునే వీలుందేమో కనుక్కోండి. 21.1 కూడా తక్కువ దూరమేం కాదు.

రేసు పేస్‌లో 32 కొట్టేసినవాళ్లూ, 38 పరిగెత్తినాయనా, మీరు ఒక రేసు ముందే అయిపోగొట్టారు. ఈ వారం మిగతావాళ్ల కంటే ఇంకా తగ్గించాలి. నిద్ర లేవగానే, మంచం దిగకముందే నాడి లెక్కపెట్టుకోండి. మామూలు కంటే ఏడెనిమిది ఎక్కువ కొట్టుకుంటుంటే ఆ రోజు నడకే. 38 చేసినందుకు శభాష్ అంటానని చూస్తున్నారేమో, అనను.

ఇప్పుడు టేపర్. మీ పెద్ద వారం 60 కిలోమీటర్లనుకోండి. ఈ వారం 45, వచ్చే వారం 33 నుంచి 35, రేసు వారంలో ఆదివారం కాకుండా 15. ఆదివారం పరుగు ఈసారి 20 నుంచి 22, వచ్చేసారి 14, ఆపై ఆదివారం రేసే. తగ్గించేది దూరాన్ని మాత్రమే. వారానికి ఐదు రోజులు పరిగెత్తేవాళ్లు మొదటి రెండు వారాలూ ఐదు రోజులూ బయటికి వెళ్లాలి. రేసు వారంలో ఒక రోజు తగ్గినా పర్వాలేదు. పేస్ కూడా తగ్గించొద్దు. బుధవారం ఎనిమిది కిలోమీటర్ల టెంపో (కాస్త కష్టమనిపించే వేగంతో ఆగకుండా చేసే పరుగు) చేస్తున్నవాళ్లు ఐదు, ఆ తర్వాత మూడు చెయ్యండి, కానీ అదే పేస్‌లో. అన్నీ ఒకేసారి ఆపేసి సోఫాలో కూర్చుంటే రేసు రోజుకి కాళ్లు మొద్దుబారతాయి. నేనైతే శుక్రవారం పూర్తిగా సెలవు తీసుకుని, శనివారం పొద్దున రెండు కిలోమీటర్లు అలా తిరిగొస్తాను. శనివారం సెలవు పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఏదైనా ఒకటే, నాకు ఇది అలవాటు.

మీలో ఎక్కువమంది ఆగస్టు చివర్లో హైదరాబాద్ మారథాన్‌కే వెళ్తున్నారు. నెక్లెస్ రోడ్డులో మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగిసే ఆ దారంతా ఫ్లైఓవర్లూ ఎగుడుదిగుళ్లూ. దానికోసం ఇన్నాళ్లూ కేబీఆర్ పార్కు చుట్టూ ఎత్తులెక్కారు, బాగుంది. కాళ్లను పాడుచేసేది ఎక్కడం కంటే దిగడం. దిగేటప్పుడు తొడ ముందు కండరాలు సాగుతూ బరువు మొయ్యాలి. ఆ నొప్పి రెండో రోజు బయటపడుతుంది. రేసుకి చివరి పది రోజుల్లో జోరుగా దిగే పరుగులు పూర్తిగా మానెయ్యండి.

టేపర్ రెండో వారంలో మీకు మోకాలు నొప్పి పుడుతుంది. మర్నాడు అది మడమలోకి దిగుతుంది, ఆ మర్నాడు నడుముకెక్కుతుంది. టెన్షన్ వద్దు. ఇన్నాళ్లూ అలసట కింద కనబడని చిన్నచిన్న నొప్పులన్నీ ఖాళీ దొరకగానే హాజరు వేయించుకుంటాయి. రోజుకో చోటికి మారే నొప్పిని పట్టించుకోవద్దు. ఒకే చోట ఉండి, మీ అడుగు వేసే తీరునే మార్చేస్తున్న నొప్పయితే డాక్టరుకి చూపించండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఈ పాఠం పక్కన పెట్టి ముందు ఆసుపత్రికి వెళ్లండి.

నిద్ర గురించి, నీళ్ల బాటిల్ గురించి వేరే చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది తిండి గురించి.

"కార్బ్ లోడింగ్" (రేసు ముందు పిండిపదార్థం ఎక్కువగా తినడం) అనే మాట వినగానే మనవాళ్లకు శనివారం రాత్రి బిర్యానీ గుర్తొస్తుంది. ఏటా ఇదే గోల. బ్యాచ్ అంతా కలిసి వెళ్లడం, "రేపు 42 కిలోమీటర్లురా, తిను" అని ఒకరికొకరు వడ్డించుకోవడం, పొద్దున స్టార్ట్ లైన్ దగ్గర టాయిలెట్ క్యూలో ఒకరి మొహాలొకరు చూసుకోవడం. బిర్యానీలో అన్నం ఉన్న మాట నిజమే. దాంతోపాటు నూనె, నెయ్యి, మాంసం, మసాలా ఉన్నాయి. కొవ్వు పొట్టలోంచి మెల్లగా కదులుతుంది. రాత్రి పదింటికి తిని, రెండింటికి లేచి, తెల్లారకముందే పరిగెత్తితే అదింకా లోపలే ఉంటుంది. పైగా మసాలా తిన్నాక దాహమేసి రాత్రంతా నీళ్లు తాగుతారు, ఇక నిద్రెక్కడిది?

అసలు ఒక్క పూటలో అయ్యే పని కాదిది. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ (ఒళ్లు దాచుకునే పిండిపదార్థం) నిండాలంటే ఒకటిన్నర నుంచి రెండు రోజులు పడుతుంది. అంటే శుక్రవారం, శనివారం. ఒంటి బరువు కిలోకు రోజుకి కనీసం 8 గ్రాముల పిండిపదార్థం తినాలి. 65 కిలోల మనిషికి 520 గ్రాములు. ఈ లెక్క రాస్తే "అంతేనా, మేం రోజూ అన్నమే కదా తింటాం" అంటారు. ఒక కప్పు వండిన అన్నంలో ఉండేది సుమారు 45 గ్రాములే. ఒట్టి అన్నంతో 520 రావాలంటే రోజుకి పదకొండున్నర కప్పులు! అందుకే రోజంతా పంచుకోవాలి. శుక్రవారం ఇలా చెయ్యొచ్చు. పొద్దున ఆరు ఇడ్లీలు, 60 గ్రాములు. రెండు అరటిపళ్లు, 50. పదకొండింటికి మూడు చెంచాల పంచదార వేసిన నిమ్మకాయ నీళ్లు, 12. మధ్యాహ్నం మూడు కప్పుల అన్నం, 135. సాయంత్రం నాలుగు బ్రెడ్ ముక్కలు, జామ్‌తో కలిపి 85. ఇంకో అరటిపండు, 25. రాత్రి ఏడున్నరకి రెండు కప్పుల అన్నం, 90. మధ్యలో రెండు గ్లాసుల పళ్లరసం, 50. అన్నీ కలిపితే 507. ఇంకో రెండు మూడు ఖర్జూరాలు వేసుకుంటే సరిపోయింది.

అన్నంలోకి ఏమిటంటారా? చారు. కొంచెం పెరుగు. పప్పు రెండు చెంచాలు చాలు. గోంగూర, తోటకూర, చిక్కుడు, వేపుడు, ఆవకాయలో తేలే నూనె ఈ రెండు రోజులూ వద్దు. ఆకుకూర మంచిదే కానీ పీచు ఎక్కువ; ఆదివారం పొద్దున పేగుల్లో పీచు ఎందుకు? బ్రౌన్ రైస్, రాగి సంగటి తినేవాళ్లు కూడా ఈ రెండు రోజులకి తెల్లన్నానికి రండి. చుట్టాలింట్లో దిగుతున్నవాళ్లు ముందే చెప్పేయండి, అక్కడ "ఒక్క ముక్క వేసుకో నాయనా" అనేవాళ్లుంటారు. పెద్ద భోజనం శనివారం మధ్యాహ్నమే ముగించాలి. రాత్రికి తేలిగ్గా పెరుగన్నం. బిర్యానీ ఆదివారం సాయంత్రం తినండి, నేను కూడా వస్తాను. ఇక షుగరు ఉన్నవాళ్లు ఈ లెక్కలేవీ సొంతంగా మొదలుపెట్టకండి, మీ డాక్టరుతో మాట్లాడాకే.

ఇలా తిన్నాక బరువు కిలో, కిలోన్నర పెరుగుతుంది. కంగారుపడి శనివారం ఉపవాసం ఉన్నవాళ్లను చూశాను. ఒక గ్రాము గ్లైకోజెన్‌తో మూడు గ్రాముల దాకా నీళ్లు చేరతాయి. 400 గ్రాములు అదనంగా దాస్తే 1.6 కిలోలు పెరగాల్సిందే. పెరక్కపోతేనే అనుమానించాలి.

నీళ్లు మాత్రం ఇదే తీరుగా ఎక్కువెక్కువ తాగకూడదు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం మామూలు కంటే తక్కువగా ఉంది. పరిగెత్తాక బరువు పెరిగినవాళ్లలో, అంటే చెమట కంటే ఎక్కువ తాగేసినవాళ్లలో అది ఎక్కువ. దాహమైతే తాగండి. మజ్జిగలో ఉప్పు వేసుకోండి. నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి రేసు ముందు మింగొద్దు. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు అవి కిడ్నీల మీద పడతాయి.

ఎక్స్‌పోలో (రేసు ముందు జరిగే అమ్మకాల మేళాలో) డిస్కౌంటులో కొన్న బూట్లు ఆదివారం వెయ్యకండి. దీని మీద ఇక చర్చ లేదు.

అభ్యాసం

రేసుకి ముందు ఆదివారం 14 కిలోమీటర్ల పరుగుంది కదా, దాన్ని పూర్తి రిహార్సల్‌గా చెయ్యాలి. రాత్రి రెండింటికి లేవండి. రేసు రోజు ఏం తింటారో అదే తినండి. రేసు బట్టలు, రేసు సాక్స్, అప్పటికే కనీసం 50 కిలోమీటర్లు తిరిగిన బూట్లు. చంకల్లో, తొడల మధ్య వాజిలీన్. నాలుగున్నరకి బయల్దేరి 9 కిలోమీటర్లు మెల్లగా, చివరి 5 రేసు పేస్‌లో. ఆ ఐదు కిలోమీటర్ల మధ్యలో రేసులో తినబోయేది తినాలి. నాకు జెల్ (పరుగు మధ్యలో మింగే తీపి ముద్ద) గొంతు దిగదు. ఖర్జూరాలు, ఉప్పు చల్లిన ఉడికించిన బంగాళాదుంప ముక్కలు సంచిలో పెట్టుకుంటాను. మీకు జెల్ పడితే జెల్లే, కానీ అది పడుతుందో లేదో ఈ రిహార్సల్ రోజే తేలాలి.

ఇంటికొచ్చి పడుకునేముందు ఒక కాగితం రాయండి. నాలుగున్నర గంటల టార్గెట్ అయితే 42.195కి కిలోమీటరుకు 6:24. అయితే జీపీఎస్ వాచీ మామూలుగా కొంచెం ఎక్కువ దూరం చూపిస్తుంది, మలుపుల్లో మీరు కూడా కొంచెం ఎక్కువే పరిగెత్తుతారు. వాచీలో 42.7 వస్తుందనుకుంటే 6:19 కనబడాలి. నేనైతే వాచీని నమ్మను, రోడ్డు మీది బోర్డులే చూస్తాను. ప్రతి 5 కిలోమీటర్ల బోర్డు దగ్గర గడియారం ఎంత చూపించాలో వరసగా రాసుకోండి. మొదటి పదిలో రెండు నిమిషాలు వెనకబడినట్టే రాయండి, ముందున్నట్టు కాదు. 2023లో షికాగో మారథాన్‌లో కెన్యా రన్నర్ కెల్విన్ కిప్టమ్ 2:00:35తో ప్రపంచ రికార్డు పెట్టినప్పుడు మొదటి సగం 60:48, రెండో సగం 59:47. "ముందు కొంచెం టైమ్ దాచుకుంటా" అనేవాళ్లు ఈ రెండు అంకెలూ ఆ కాగితం పైన రాసుకోండి.

తిండి లెక్క కూడా మీ బరువుకి మీరే వెయ్యాలి, మీ ఇంటి కప్పుతో, తూకం వేసి. 65 కిలోల లెక్కనే దించేస్తే కుదరదు. రెండు కాగితాలూ వచ్చే పాఠానికి కావాలి, అది రేసు రోజు గురించి.

కాలి గోళ్లు బుధవారమో గురువారమో కత్తిరించుకోండి. శనివారం రాత్రి కత్తిరిస్తే ఎక్కడో లోతుగా తెగుతుంది.