విద్యుదయస్కాంత తరంగాలు – 4వ పాఠం: వెబర్ అంకె నుంచి హెర్ట్జ్ పట్టకం దాకా

ముందుగా పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క, అంటే ఫిజో కొలతల నుంచి కాంతి వేగం కట్టటం, దాని సంగతి తేల్చుకుందాం. 1849లో ఫ్రెంచ్ భౌతికవేత్త ఫిజో పారిస్ శివారు సురేన్ నుంచి మోంమార్త్ర్ గుట్ట మీద పెట్టిన అద్దానికి కాంతి కిరణాన్ని పంపాడు. దారిలో తిరిగే పళ్ల చక్రం ఉంది. దూరం 8,633 మీటర్లు, చక్రానికి 720 పళ్లు. చక్రం సెకనుకు 12.6 చుట్లు తిరుగుతున్నప్పుడు, తిరిగొచ్చే వెలుగు మొదటిసారి కనబడకుండా పోయింది. అంటే సందులోంచి వెళ్లిన వెలుగు తిరిగొచ్చేసరికి ఆ చోటికి పక్క పన్ను వచ్చి అడ్డుపడిందన్నమాట.

పళ్లు, సందులు కలిపి 1,440 భాగాలు. ఒక భాగం జరగటానికి పట్టే కాలం 1 ÷ (1,440 × 12.6), అంటే సెకనులో 18,144వ వంతు. ఆ కాలంలో వెలుగు రానూపోనూ 17,266 మీటర్లు నడిచింది. 17,266ని 18,144తో గుణిస్తే సుమారు 31.3 కోట్లు. సెకనుకు 3,13,000 కిలోమీటర్లు. మనం తీసుకున్న కొలతలు గుండ్రం చేసినవి కాబట్టి కొంచెం తేడా ఉంటుంది. కాంతి విద్యుదయస్కాంత తరంగమని తేల్చిన మాక్స్‌వెల్ తన వ్యాసంలో ఫిజో విలువగా వాడుకున్నది 3,14,858 కిలోమీటర్లు. దీన్ని నోటుపుస్తకంలో ఒక పక్క రాసి ఉంచండి. ఈ పాఠంలో మనం చేయబోయేది, కాంతితో ఏ సంబంధమూ లేని కొలతల నుంచి దీని పక్కన పెట్టదగిన రెండో అంకెను రాబట్టటం.

ఒకే ఆవేశానికి రెండు కొలతలు

రెండో పాఠంలో రెండు బల నియమాలు నేర్చుకున్నాం. కూలుంబ్‌ది కదలని విద్యుదావేశాలకు, ఆంపియర్‌ది విద్యుత్ ప్రవాహాలకు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ప్రమాణాలు మాత్రం చూడండి. పెన్సిలు తీసుకుని నాతోపాటు రాయండి, చదువుకుంటూ పోతే ఇది ఒంటబట్టదు.

కూలుంబ్ నియమం: బలం = ఆవేశం × ఆవేశం ÷ (దూరం × దూరం). దీన్ని తిరగేస్తే, ఆవేశం = దూరం × √బలం.

ఆంపియర్ నియమం: రెండు సమాంతర తీగల మధ్య బలం = 2 × ప్రవాహం × ప్రవాహం × (తీగ పొడవు ÷ తీగల మధ్య దూరం). పొడవును దూరంతో భాగిస్తే మిగిలేది ప్రమాణం లేని ఉత్త సంఖ్య. కాబట్టి ప్రమాణాల వరకు చూస్తే ప్రవాహం = √బలం. ప్రవాహాన్ని కాలంతో గుణిస్తే ఆవేశం వస్తుంది గనక, ఇక్కడ ఆవేశం = కాలం × √బలం.

ఇప్పుడు మొదటి ఆవేశాన్ని రెండోదానితో భాగించండి. √బలం కొట్టివేత అవుతుంది. మిగిలేది దూరం ÷ కాలం. అది వేగం!

ఇక్కడ కాసేపు ఆగమని నా మనవి. కాంతి ప్రస్తావన ఎక్కడా రాలేదు. కదిలే వస్తువు కూడా ఏదీ లేదు. ఆవేశాన్ని నిశ్చలంగా ఉంచి ఒకసారి, తీగలో పారించి ఇంకోసారి కొలిచి, ఆ రెండు కొలతలను భాగిస్తే ప్రకృతి మనకు ఒక వేగాన్ని చూపిస్తోంది. ఎవరి వేగం, దేని వేగం అన్న ప్రశ్నకు జవాబు రావటానికి మరి కొన్నేళ్లు పట్టింది.

జాడీలో కొలిచిన వేగం

ఆ నిష్పత్తి ఎంతో కొలిచినవారు విల్‌హెల్మ్ వెబర్, రుడాల్ఫ్ కోల్‌రాష్. ఫలితం 1856లో వచ్చింది. వాళ్ల పద్ధతి ఆలోచనలో చాలా సాదా, చేతల్లో చాలా కష్టం. లైడెన్ జాడీని, అంటే ఆవేశాన్ని నిలవ చేసే గాజు జాడీని, ఆవేశంతో నింపారు. అందులోంచి తెలిసిన వంతును ఒక పెద్ద గోళానికి పంచి, మెలితిరిగే తీగకు వేలాడే తక్కెడతో వికర్షణ బలాన్ని చూసి ఎంత ఆవేశమో తేల్చారు. ఇది కూలుంబ్ కొలత. జాడీలో మిగిలినదాన్ని ప్రవాహాన్ని పసిగట్టే గాల్వనోమీటరు తీగచుట్ట గుండా ఒక్కసారిగా వదిలేశారు. అయస్కాంత సూది ఎంత దూరం ఊగిందో చూసి, ఎంత ఆవేశం పారిందో తేల్చారు. ఇది ఆంపియర్ కొలత. రెండింటినీ భాగించారు.

వచ్చిన అంకె సెకనుకు 4,39,450 కిలోమీటర్లు.

మీ నోటుపుస్తకంలోని ఫిజో అంకెతో ఇది సరిపోలటం లేదు కదా. వెబర్ ప్రవాహానికి ఎంచుకున్న ప్రమాణం ఆంపియర్ బల నియమం నుంచి నేరుగా తీసుకున్నది. అయస్కాంతాన్ని బట్టి తీసుకునే ప్రమాణానికీ దానికీ √2 రెట్ల తేడా ఉంది. కాబట్టి 4,39,450ని 1.41421తో భాగించండి. 3,10,740 వస్తుంది. ఇప్పుడు ఫిజో విలువ పక్కన పెట్టండి: 3,14,858, 3,10,740. తేడా 4,118. శాతంలో చూస్తే 1.3. ఆ రెండు ప్రయోగాల్లో ఏదీ అంతకంటే కచ్చితమైనది కాదు, అంటే అంకెలు కలిసినట్టే.

అంకె 1856 నుంచీ అందరి ముందూ ఉంది. మరి వెబర్ ఎందుకు చెప్పలేదు, కాంతి విద్యుత్ వ్యవహారమేనని? ఆ √2 కొంత మరుగుపరచింది, నిజమే. కాని అసలు కారణం వేరే ఉంది. వెబర్ దృష్టిలో బలం అనేది దూరంగా ఉన్న రెండు ఆవేశాల మధ్య నేరుగా పనిచేసేది. అతని సూత్రంలో ఆ వేగం రెండు కణాల సాపేక్ష వేగానికి సంబంధించిన ఒక స్థిరాంకం. నడుమనున్న ఖాళీకి అందులో పాత్ర లేదు. పాత్రే లేనిచోట అల ఎక్కడ పుడుతుంది? 1857లో కిర్కాఫ్ ఇంకా దగ్గరికి వచ్చాడు. నిరోధం లేని తీగలో విద్యుత్ కదలిక దాదాపు కాంతి వేగంతో పోతుందని లెక్క కట్టి, పోలికను గమనించాడు కూడా. అతనూ తీగ దగ్గరే ఆగిపోయాడు. సిద్ధాంత చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే ఘట్టం ఇదే. సరైన అంకె ఉంది, దాన్ని గమనించిన మేధావులున్నారు, ఆ అంకెను అర్థం చేసుకోగల చిత్రం మాత్రం వాళ్ల దగ్గర లేదు.

ఆ చిత్రం ఫారడే దగ్గర ఉంది. మూడో పాఠంలో చూసిన బలరేఖలే అవి. ఖాళీ అనుకునే చోటు నిజానికి ఒక స్థితిలో ఉంటుందని, బలం పక్క చోటి నుంచి పక్క చోటికి పాకుతుందని ఫారడే నమ్మాడు. 1845లో బరువైన సీసపు గాజు గుండా పోయే కాంతి ధ్రువణ తలాన్ని (కాంతి ఊపులుండే తలాన్ని) అయస్కాంతంతో తిప్పి చూపించాడు కూడా. సమీకరణాలు రాయలేదు. రాసే మనిషి కావలసి వచ్చింది.

మాక్స్‌వెల్ చేర్చిన ఒక్క పదం

1861 వేసవిలో మాక్స్‌వెల్ స్కాట్లండ్‌లోని తన గ్లెన్‌లేర్ ఇంట్లో ఉన్నాడు. ఖాళీ అంతా తిరిగే చిన్న సుడులతో నిండి ఉందని ఊహించి, ఫారడే రేఖలకు ఒక యాంత్రిక నమూనా కట్టాడు. ఆ సుడులకు సాగే గుణం కూడా ఉందనుకుంటే, వాటి మీద ఒత్తిడి మారినప్పుడల్లా ఆవేశం కాస్త పక్కకు జరిగినట్టవుతుంది. ఆ జరగటం కూడా ప్రవాహమేనని ఆయన లెక్కలోకి తీసుకున్నాడు. దీన్నే స్థానభ్రంశ ప్రవాహం అంటున్నాం.

ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో దీన్ని కెపాసిటర్‌తో, అంటే ఎదురెదురు పలకల మీద ఆవేశాన్ని నిలిపే పరికరంతో చెబుతారు. చరిత్రలో జరిగిన దారి అది కాదు, కాని నేర్చుకోవటానికి అదే సులువు. ఛార్జ్ అవుతున్న కెపాసిటర్‌ను గీయండి. దాని తీగ చుట్టూ ఒక వలయం గీయండి. ఆ వలయం పొడవునా అయస్కాంత క్షేత్రం ఎంతో ఆంపియర్ పేరుతోనే ఉన్న వలయ నియమం (ఇందాకటి బల నియమం కాదు) చెబుతుంది: ఆ వలయం అంచుగా గల ఏదైనా ఒక తలాన్ని తీసుకో, దాన్ని చీల్చుకుపోయే ప్రవాహం ఎంతో చూడు, అంతే. బల్లపరుపు తలం తీసుకుంటే తీగ దాన్ని చీలుస్తుంది, జవాబు వస్తుంది. అదే వలయానికి సంచీలా వెనక్కి సాగి రెండు పలకల మధ్య నుంచి పోయే తలాన్ని తీసుకోండి. అక్కడ ఏ ఆవేశమూ దాటటం లేదు. జవాబు సున్నా. ఒకే వలయానికి రెండు జవాబులు ఉండకూడదు. పలకల మధ్య మారుతున్నది విద్యుత్ క్షేత్రం ఒక్కటే. ఆ మార్పుకూ ప్రవాహంతో సమానమైన హోదా ఇస్తే రెండు జవాబులూ ఒకటవుతాయి.

ఈ పదం చేరగానే ఏం జరిగిందో గమనించండి. మారే అయస్కాంత క్షేత్రం విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తుందని 1831లోనే ఫారడే చూపించాడు. ఇప్పుడు మారే విద్యుత్ క్షేత్రం కూడా అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తోంది. ఒకదాని మార్పు రెండోదానికి కారణం, రెండోదాని మార్పు మళ్లీ మొదటిదానికి. తీగ అక్కర్లేదు, ఆవేశమూ అక్కర్లేదు. ఒకసారి కదిలిస్తే చాలు, మార్పు పక్క చోటికి, అక్కడి నుంచి ఆ పక్కకు సాగిపోతుంది. ఆ సాగే వేగం ఎంతో మాక్స్‌వెల్ తన నమూనాలోని సాగే గుణాన్ని సాంద్రతతో భాగించి, వర్గమూలం కట్టి చూశాడు. శబ్ద వేగానికి న్యూటన్ వాడిన దారి అది. వెబర్, కోల్‌రాష్‌ల నిష్పత్తే వచ్చింది.

గ్లెన్‌లేర్‌లో ఆయనకు ఆ అంకె అందుబాటులో లేదు. లండన్ తిరిగొచ్చాక వెతికి తీసి, ఫిజో విలువతో పోల్చి, ఆ ఏడు అక్టోబరు 19న ఫారడేకు ఉత్తరం రాశాడు. విద్యుత్, అయస్కాంత విషయాలకు ఏ మాధ్యమం కారణమో ఆ మాధ్యమంలోని అడ్డ ఊపులే కాంతి అన్న నిర్ణయానికి రాక తప్పేట్టు లేదని తరువాతి వ్యాసంలో ప్రకటించాడు. 1864 డిసెంబరులో రాయల్ సొసైటీలో చదివిన వ్యాసానికి వచ్చేసరికి సుడులు పక్కకు తప్పుకున్నాయి, ఇరవై సమీకరణాలు మిగిలాయి. వాటిని ఇప్పుడు మనం చదివే నాలుగింటికి కుదించినవాడు హెవిసైడ్, 1885 ప్రాంతంలో. అది ఆరో పాఠంలో.

ఒక హెచ్చరిక. చాలా పుస్తకాల్లో శూన్యపు విద్యుత్ గుణాన్ని చెప్పే పర్మిటివిటీ 8.854 × 10⁻¹², అయస్కాంత గుణాన్ని చెప్పే పర్మియబిలిటీ 12.566 × 10⁻⁷ తీసుకుని, గుణించి, వర్గమూలం తీసి, తిరగేసి, ఇదిగో 2.998 × 10⁸ అని చూపిస్తారు. చేసి చూడండి, వస్తుంది. కాని దాన్ని రుజువుగా అనుకోకండి. 1983లో కాంతి వేగాన్ని సెకనుకు 29,97,92,458 మీటర్లుగా నిర్వచించాక, పర్మిటివిటీ విలువను కాంతి వేగం నుంచే కట్టేవారు. పెట్టిందే తీసుకోవటం అవుతుంది. 1856 నాటి జాడీ అంకెతో చేస్తేనే ఆ కలయికలోని బలం తెలుస్తుంది. అందుకే మిమ్మల్ని అంత పాత లెక్కలోకి తీసుకెళ్లాను.

కార్ల్స్‌రూహె హాలు

మాక్స్‌వెల్ 1879లో, 48 ఏళ్లకే చనిపోయాడు. అప్పటికి విద్యుత్ తరంగాన్ని ఎవరూ పుట్టించి చూపలేదు. ఆ పని హైన్‌రిష్ హెర్ట్జ్ 1886 – 1888 మధ్య జర్మనీలోని కార్ల్స్‌రూహెలో చేశాడు. ఇండక్షన్ కాయిల్‌తో రెండు లోహపు కొనల మధ్య నిప్పురవ్వ పుట్టించాడు. రవ్వ ఎగిరినంతసేపూ ఆవేశం అటూ ఇటూ అతివేగంగా ఊగుతుంది. దూరంగా, చిన్న సందు వదిలిన తీగ వలయం పట్టుకుంటే, ఆ సందులోనూ సన్నని రవ్వ కనిపించింది.

హాలు గోడకు జింకు రేకు బిగించాడు. వెళ్లే తరంగం, రేకు నుంచి తిరిగొచ్చే తరంగం కలిసి స్థిర తరంగాలయ్యాయి. వలయాన్ని జరుపుకుంటూ పోతే కొన్నిచోట్ల రవ్వ బలంగా ఉంది, కొన్నిచోట్ల ఆరిపోయింది. రవ్వ ఆరిపోయే పక్కపక్క చోట్ల (అస్పందన స్థానాల) మధ్య దూరం తరంగదైర్ఘ్యంలో సగం. అలా మొదట వచ్చిన తరంగదైర్ఘ్యం సుమారు 9.6 మీటర్లు. హాలు పొడవు 15 మీటర్లే. ఇంత పెద్ద తరంగానికి ఆ గది చాలదు, గోడల ప్రతిఫలనం కొలతలను చెడగొట్టింది. తీగలో వేగం, గాలిలో వేగం వేరువేరుగా ఉన్నట్టు అనిపించింది. 1893లో జెనీవాలో సరాజెన్, ద లా రీవ్ చాలా పెద్ద హాలులో చేసినప్పుడు రెండూ ఒకటేనని తేలింది.

పౌనఃపున్యాన్ని, అంటే సెకనుకు ఎన్ని ఊపులో, హెర్ట్జ్ కొలవలేదు, తన పరికరపు కెపాసిటీ, ఇండక్టెన్స్‌ల నుంచి లెక్క కట్టాడు. కెపాసిటీ దగ్గర పొరపాటు జరిగిందని, దానివల్ల కాలం √2 రెట్లు మారిందని పాయింకరే చూపించాడు. ఈ కథలో √2 అడ్డం రావటం ఇది రెండోసారి! అందుకే హెర్ట్జ్ వేగపు అంకె కంటే ఆయన తరువాత చేసిన ప్రయోగాలే బలమైన సాక్ష్యమని నా అభిప్రాయం. తరంగదైర్ఘ్యాన్ని 66 సెంటీమీటర్లకు తగ్గించి, జింకు రేకుల పరావలయ దర్పణాలతో కిరణంగా మలిచాడు. అది ప్రతిఫలించింది. సమాంతర రాగితీగల చట్రాన్ని ఒక దిశలో పెడితే ఆగింది, 90 డిగ్రీలు తిప్పితే దాటింది. అంటే ఊపు ప్రయాణ దిశకు అడ్డంగా ఉండే తిర్యక్ తరంగమే. గట్టి తారుతో మనిషంత ఎత్తున పోతపోసిన పట్టకం గుండా పంపితే వంగింది. కాంతి చేసే పనులన్నీ చేసింది.

అభ్యాసం

1. హెర్ట్జ్ పట్టకపు కోణం 30 డిగ్రీలు, కిరణం వంగిన కోణం 22 డిగ్రీలు. ఈ రెండింటినీ కలిపి సగం చేస్తే 26. వక్రీభవన గుణకం = సైన్ 26 ÷ సైన్ 15. సైన్ 26 = 0.4384, సైన్ 15 = 0.2588. మీ జవాబు 1.69 దగ్గర రావాలి.

2. 66 సెంటీమీటర్ల తరంగానికి పౌనఃపున్యం కట్టండి. సెకనుకు 45 కోట్ల ఊపులు వస్తే సరిగ్గా చేసినట్టే.

3. ఫిజో చక్రం రెట్టింపు వేగంతో, అంటే సెకనుకు 25.2 చుట్లు తిరిగితే తిరిగొచ్చే వెలుగు కనిపిస్తుందా? ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి. జవాబు వచ్చే పాఠం మొదట్లో.

4. జగదీశ్ చంద్ర బోస్ 1890లలో కలకత్తాలో 5 మిల్లీమీటర్ల దాకా కుదించిన తరంగాలతో పనిచేశాడు. వాటి పౌనఃపున్యం కట్టి, హెర్ట్జ్ 66 సెంటీమీటర్ల దానికంటే ఎన్ని రెట్లో రాయండి. తరంగం చిన్నదైన కొద్దీ దర్పణాలు, పట్టకాలు ఎందుకు చిన్నవైతే చాలో కూడా ఆలోచించి రండి. ఐదో పాఠం ఆయన పరికరాల దగ్గరే మొదలవుతుంది.