బెర్లిన్‌లో యుద్ధం తర్వాతి కట్టడాలను రాత్రిపూట సైకిల్ మీద చూడటం ఎలా?

రెండో ప్రపంచ యుద్ధంలో శిథిలమై, ఆ తర్వాత రెండుగా చీలిన బెర్లిన్‌ను తూర్పున కమ్యూనిస్టులు ఒక తీరున, పడమటివాళ్ళు మరో తీరున పంతం పట్టి తిరిగి కట్టారు. ఆ పంతం కళ్ళకు కట్టాలంటే తూర్పున ఫ్రాంక్‌ఫుర్టర్ టోర్ కూడలి దగ్గర బయల్దేరి పడమటికి తొక్కాలి. దూరం సుమారు 11 కిలోమీటర్లు. ఆగుతూ వెళ్తే మూడు గంటలు పెట్టుకోండి.

బయల్దేరే ముందు

జూన్‌లో తొమ్మిదిన్నర దాకా పొద్దు గుంకదు, సెప్టెంబర్ చివర్లో ఏడింటికే చీకటి మొదలవుతుంది. అందుకే సెప్టెంబర్ చివరే మంచి కాలం. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు చట్టప్రకారం తప్పనిసరి. టైరు 40 మిల్లీమీటర్ల వెడల్పుంటే 3 బార్ గాలి చాలు. గాలి మరీ ఎక్కువైతే రాళ్ళు పరిచిన దారిలో చేతులు అదిరిపోతాయి, మరీ తక్కువైతే ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పంక్చరవుతుంది. ఒక స్పేర్ ట్యూబు, రెండు టైర్ లీవర్లు, చిన్న పంపు వెంట ఉంచుకోండి.

తూర్పు వైపు

ఫ్రాంక్‌ఫుర్టర్ టోర్ దగ్గర ట్రామ్ పట్టాలుంటాయి. వాటిని ఏటవాలుగా దాటితే చక్రం సందులో ఇరుక్కుని పడేస్తుంది. వీలైనంత అడ్డంగా దాటండి, తడిగా ఉంటే పట్టాల మీద బ్రేకు వేయకండి.

అక్కడి జంట బురుజులు వాస్తుశిల్పి హెర్మన్ హెన్సెల్మాన్ రూపకల్పన. వాటి మధ్య నుంచి సాగే కార్ల్ మార్క్స్ అలే (అలే అంటే చెట్ల బారులున్న పెద్ద వీధి) 1961 దాకా స్టాలిన్ అలే. అటూ ఇటూ కార్మికుల కోసం కట్టిన రాజభవనాల్లాంటి ఇళ్ళు. సైకిల్ దిగి, ఒక గోడ దగ్గర టార్చి ఏటవాలుగా వేసి సిరామిక్ పలకల అతుకులు చూడండి (కిటికీల్లోకి వేయకండి, లోపల జనం నిద్రపోతుంటారు). కట్టిన కొన్నేళ్ళకే ఈ పలకలు ఊడిపడటం మొదలైంది. పని కోటా పెంచారని ఈ వీధిలోని భవన కార్మికులే 1953 జూన్ 16న సమ్మెకు దిగారు. మర్నాటికి అది తిరుగుబాటైంది, సోవియట్ ట్యాంకులు అణచేశాయి.

ష్ట్రౌస్‌బెర్గర్ ప్లాట్జ్ అనే కూడలి దాటగానే అలంకారాలు మాయమై, ఫ్యాక్టరీలో పోతపోసిన కాంక్రీటు పలకల ఇళ్ళు వస్తాయి. స్టాలిన్ పోయాక సోవియట్ నేత క్రుశ్చేవ్ చౌకగా, త్వరగా కట్టమన్న ఫలితమిది. కట్టే తీరు మారిన ఈ చోట తొందరపడకండి, దారి మొత్తంలో ఇదే కీలకం. అలెగ్జాండర్‌ప్లాట్జ్ అంచున, 1964లో పూర్తయిన ఉపాధ్యాయుల భవనం కూడా హెన్సెల్మాన్‌దే. దాని నడుము చుట్టూ చిత్రకారుడు వాల్టర్ వొమాకా చేసిన 125 మీటర్ల మొజాయిక్ ఉంది. వెనకే 368 మీటర్ల టీవీ టవర్.

గోడ దాటి

అక్కడి నుంచి పడమటికే సాగి బ్రాండెన్‌బుర్గ్ గేటు దాటాక రోడ్డు మీద రెండు వరసల రాళ్ళు కనిపిస్తాయి, తూర్పు పడమరలను విడదీసిన బెర్లిన్ గోడ జాడ అదే. ముందున్న పెద్ద రోడ్డు పేరు ‘జూన్ 17 వీధి’. తూర్పు తిరుగుబాటు పేరును పడమటివాళ్ళు పెట్టుకున్నారు. అటూ ఇటూ ఉన్న టియర్‌గార్టెన్ పార్కు లోపలి బాటలు చీకటిగా ఉంటాయి, ఈ రోడ్డే పట్టుకోండి.

కుడివైపు మళ్ళితే 1957లో కట్టిన కాంగ్రెస్ హాలు వస్తుంది. జీను ఆకారపు పైకప్పులో ఉక్కు తీగలు తుప్పుపట్టి 1980లో కొంత భాగం కూలింది, 1987కల్లా తిరిగి కట్టారు. గ్రోసర్ ష్టెర్న్ కూడలి నుంచి ఆల్టోనావర్ వీధిలోకి తిరిగితే హాన్సా పేట. స్టాలిన్ అలేకు పడమటి జవాబు ఇదే: చెట్ల మధ్య విడివిడిగా నిలబెట్టిన ఇళ్ళు. వి ఆకారపు స్తంభాల మీద నిలిచినది బ్రెజిల్ వాస్తుశిల్పి ఆస్కార్ నీమెయర్ భవనం.

చివర్లో కైజర్ విల్‌హెల్మ్ చర్చి. యుద్ధంలో దెబ్బతిన్న దాని శిథిల గోపురాన్ని తీసేయాలని వాస్తుశిల్పి ఎగోన్ ఐయర్‌మాన్ అనుకున్నా, జనం ఒప్పుకోలేదు. 1961లో తెరిచిన కొత్త చర్చికి రెండు పొరల గోడలు, మధ్యలో దీపాలు. నీలి గాజు చీకట్లోనే బయటికి వెలుగుతుంది. ఫోన్‌ను సీటు మీద ఆనించి, 2 సెకన్ల టైమర్ పెడితే ఫొటో చెదరదు. జూ స్టేషన్ పక్కనే ఉంది, రైల్లో సైకిల్‌కు వేరే టికెట్ కొనాలి.