ఫొటో తెరిచి ‘ఐ’ నొక్కండి

పెళ్లి ఆల్బమ్ గానీ, సంవత్సరీకానికి కట్టించే పటం గానీ, మా డీటీపీ షాపుకి ఏ ఫొటో వచ్చినా ముందు ఇర్ఫాన్‌వ్యూలో తెరిచి కీబోర్డు మీద ‘ఐ’ నొక్కుతాను. 1996 నుంచి ఉన్న, ఫొటోలు తెరిచి చూసే సాఫ్ట్‌వేర్ అది, పాత కంప్యూటర్లో కూడా టక్కున తెరుచుకుంటుంది. ఇంట్లో వాడుకునేవాళ్లకి ఉచితం, మాలాంటి షాపులవాళ్లు మాత్రం లైసెన్సు కొనుక్కోవాలి.

‘ఐ’ నొక్కగానే ఒక పెట్టె నిండా వివరాలు వస్తాయి. నా కన్ను ముందు ‘ఒరిజినల్ సైజ్’ మీదే పడుతుంది. 1600 × 1200 అంటే అడ్డంగా 1600, నిలువుగా 1200 పిక్సెళ్లు, అంటే ఫొటోని కూర్చిన రంగు చుక్కలు. మీ దగ్గరున్న సరుకంతా అదే. ప్రింటుకి అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున లెక్కేస్తే 5.3 అంగుళాల అడ్డం, 4 అంగుళాల నిలువు. వాట్సాప్‌లో వచ్చిన ఇలాంటి ఫొటోని 12 × 18 అంగుళాల పటం కట్టమంటే బొమ్మ గళ్లుగళ్లుగా పగిలిపోతుంది. దానికి 3600 × 5400 కావాలి. దూరం నుంచి చూసే పటమే కదా అనుకుంటే అందులో సగం ఉన్నా లాగించేయొచ్చు.

గొడవంతా ‘రిజల్యూషన్’ దగ్గరే, అంటే అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు అని రాసుండే అంకె. ‘‘అన్నా, ఇది 72 ఉందంట, 300 చేసివ్వు’’ అంటారు. క్షణంలో చేసిస్తాను, కానీ అది ఫైలుకి అంటించిన చీటీ లాంటిదే. చీటీ మీద 300 అని రాసినా పిక్సెళ్లు అవే 1600. మారేదల్లా ‘ప్రింట్ సైజ్’ వరస: 72 ఉన్నప్పుడు 22 అంగుళాలు చూపించింది కాస్తా 5.3కి దిగుతుంది. ఫొటోలో వెంట్రుకవాసి తేడా రాదు.

‘డిస్క్ సైజ్’ 4 ఎంబీ ఉండి, ‘మెమరీ సైజ్’ 34 ఎంబీ చూపిస్తే కంగారుపడకండి. 4000 × 3000 ఫొటోలో 1.2 కోట్ల పిక్సెళ్లు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి ఒక బైటు చొప్పున పిక్సెల్‌కి 3 బైట్లు, మొత్తం 3.6 కోట్ల బైట్లు. ఒక ఎంబీకి 1024 × 1024 బైట్లు కాబట్టి అది 34 ఎంబీ. తెర మీదికి రావాలంటే అంతా విప్పాలి. ఫొటోలు మామూలుగా సేవ్ అయ్యే జేపెగ్ పద్ధతి దాన్ని నొక్కిపెట్టి 4 ఎంబీలో సర్దింది. ‘కంప్రెషన్’ వరసలో క్వాలిటీ 60, 70 కనబడితే బాగా నొక్కేశారన్నమాట. దాన్ని మళ్లీ 100 పెట్టి సేవ్ చేస్తే ఫైలు లావెక్కుతుంది, పోయిన వివరం మాత్రం పోయినట్టే.

‘కరెంట్ సైజ్’ ఒరిజినల్‌తో కలవకపోతే, మీరే ఏదో కత్తిరించి ఇంకా సేవ్ చేయలేదని. ఫొటోలో ఎన్ని వేర్వేరు రంగులున్నాయో చెప్పే ‘యునీక్ కలర్స్’ నాకు సరదా. తాతగారి బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో అది వేలల్లో ఉంటే స్కానింగులో పసుపో ఎరుపో కలిసిందని అర్థం. మామూలు జేపెగ్‌లో ఉత్త నలుపు తెలుపులకి 256 దాటదు.

ఫొటో ఎప్పుడు తీశారో కావాలంటే ‘ఫైల్ డేట్’ని నమ్మొద్దు. ఎడిట్ చేసి సేవ్ చేస్తే అది మారిపోతుంది. కెమెరా ఫొటోతో పాటే ఫైల్లో రాసిపెట్టే వివరాలని ఎగ్జిఫ్ అంటారు. కింద ‘ఎగ్జిఫ్’ బటన్ నొక్కితే తీసిన తేదీ, కెమెరా మోడల్ వస్తాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోకి ఇవేవీ ఉండవు, అందుకే డాక్యుమెంటుగా పంపమంటాను. లొకేషన్ ఆన్‌లో పెట్టి తీసుంటే మీ ఇంటి అక్షాంశ రేఖాంశాలు కూడా అక్కడే కనబడతాయి. ఆన్‌లైన్‌లో ఎక్కడైనా పెట్టే ముందు ‘సేవ్ యాజ్’లో ఎగ్జిఫ్ ఉంచమనే టిక్ తీసేసి, వేరే పేరుతో సేవ్ చేసి, మళ్లీ ‘ఐ’ నొక్కి చూసుకోండి.