కిందకు దించిన పాత కారుకు వెనక షాక్ అబ్జార్బర్ల ఎంపిక

చెన్నై పుదుప్పేటలోనో జీపీ రోడ్డులోనో దుకాణం ముందు నిలబడి అంబాసిడర్‌కు వెనక షాక్ అబ్జార్బర్లు కావాలని అడిగితే, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి ఎత్తులో ఉన్న అంబాసిడర్‌కు సరిపడేవే ఇస్తారు. హాట్ రాడ్ పద్ధతిలో, అంటే పాత కారును సొంత అభిరుచికి తగ్గట్టు మార్చుకునే తీరులో, వెనక భాగాన్ని కిందకు దించి వెడల్పు టైర్లు వేయించిన బండికి మోడల్ పేరు చెబితే చాలదు, కొలత చెప్పాలి. నేను మొదటిసారి పేరు మీదే కొన్నాను. పొడవెక్కువైన ఆ షాక్ అబ్జార్బర్ ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా పూర్తిగా ముడుచుకుపోయి గుద్దుకుంటూ, చివరికి దాని పై చివరను పట్టి ఉంచే బ్రాకెట్ వెల్డింగును చీల్చింది.

అంబాసిడర్‌లోనూ ప్రీమియర్ పద్మినిలోనూ వెనక బరువును మోసేవి కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు). గుంతలో పడి లేచిన కమాను పదేపదే ఊగకుండా, లోపలి నూనెను సన్నని రంధ్రాల గుండా నెట్టి ఆ ఊపును వేడిగా మార్చడమే షాక్ అబ్జార్బర్ పని. కనుక వెనక భాగం కుంగిందని గట్టి షాక్ అబ్జార్బర్లు వేయించడం దండగ. మొదట ఆ కమాన్లనే సరిచేయించాలి.

కొలిచేటప్పుడు బండి చదునైన నేల మీద తన చక్రాలపైనే నిలబడి ఉండాలి. కుటుంబంతో తిరుపతి వెళ్లి వచ్చే బండైతే వెనక సీటులో మనుషులను కూర్చోబెట్టి మరోసారి కొలవడం మంచిది. పై బోల్టు నడిమి నుంచి కింది బోల్టు నడిమి వరకు 16 అంగుళాలు వచ్చిందనుకుందాం. యాక్సిల్‌కూ (చక్రాల ఇరుసుకూ), అది పైకి లేచి బాడీకి కొట్టుకోకుండా ఆపే బంప్ రబ్బరుకూ మధ్య 3 అంగుళాల ఖాళీ, రబ్బరు నలగడానికి మరో అర అంగుళం కలిపితే యాక్సిల్ మూడున్నర అంగుళాలు పైకి వస్తుంది. షాక్ అబ్జార్బర్ నిటారు నుంచి 20 డిగ్రీలు వాలి ఉంటే అది ముడుచుకునేది సుమారు 3.3 అంగుళాలు. అంటే పూర్తిగా ముడుచుకున్న పొడవు 12.7 అంగుళాలకు మించరాదు, అర అంగుళం వెసులుబాటుతో 12.2 అయితే నిశ్చింత. తర్వాత బాడీని స్టాండ్ల మీద నిలిపి, యాక్సిల్‌ను వేలాడనిచ్చి, సాగిన పొడవునూ ఇలాగే తేల్చుకుని, దానికి అర అంగుళం కలుపుకోవాలి. ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసుకుని వెళితే, డబ్బా మీద ఏ కారు పేరున్నా ఫర్వాలేదు.

వాలు విషయంలో చాలామంది అశ్రద్ధ చేస్తారు. సైలెన్సర్ గొట్టానికి చోటు కోసం బ్రాకెట్‌ను లోపలికి జరిపి 45 డిగ్రీలు వాల్చితే, నిటారుగా ఉన్నప్పుడు ఊపును అడ్డగించే బలంలో సుమారు సగమే చక్రానికి అందుతుంది. 30 డిగ్రీలకైతే ముప్పాతిక వంతు మిగులుతుంది. అంతకు మించి వాల్చకపోవడం నా నియమం.

రకాల్లో, సాధారణ ప్రయాణాలకు తక్కువ పీడనపు గ్యాస్ నింపిన రెండు గొట్టాల రకం చాలు. ఒకే గొట్టం రకం వేడిని త్వరగా వదులుతుంది, తలకిందులుగా కూడా బిగించవచ్చు, కానీ దాని పీడనం ఎక్కువ కనుక కుదుపు కాస్త గట్టిగా తెలుస్తుంది. కమాను పట్టీల మధ్య రాపిడి కూడా ఊపును ఆపుతుంది. ఆ పట్టీల మధ్య జారే పలకలు పెట్టించి ఉంటే, కాస్త గట్టి షాక్ అబ్జార్బర్ అవసరమవుతుంది. చుట్టూ స్ప్రింగు ఉన్న కాయిలోవర్ అందంగానే ఉంటుంది గానీ, ఊపును మాత్రమే ఆపడానికి చేసిన పాత బ్రాకెట్ మీద అది బండి బరువును మోపుతుంది. బ్రాకెట్‌నూ దాని వెనక రేకునూ బలపరచకుండా దాని జోలికి వెళ్లకూడదు.

ఎప్పుడూ జతగానే మార్చాలి. పడుకోబెట్టి ఉంచిన రెండు గొట్టాల రకాన్ని నిటారుగా పట్టుకుని నాలుగైదుసార్లు నొక్కి లాగితే లోపలి గాలి సర్దుకుంటుంది. బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్ (తొడుగు) మెలిపడకుండా, బండి చక్రాలపై నిలిచాకే బోల్టులను పూర్తిగా బిగించాలి. కడ్డీ బయటికి కనిపించే రకమైతే, దానికి వదులుగా ఒక ప్లాస్టిక్ టై చుట్టి, ఈసీఆర్ (చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఓ పది కిలోమీటర్లు నడిపి చూడండి. ఆ టై కడ్డీ చివరిదాకా జరిగి ఉంటే పొడవు ఇంకా ఎక్కువగానే ఉంది.