సెకండ్ హ్యాండ్ అక్వేరియంలో పెద్ద చేప: వచ్చే తిప్పలు, చేయాల్సిన పనులు

"ఇల్లు మారుతున్నామండీ, అందుకే ట్యాంకు ఇచ్చేస్తున్నాం." పాత అక్వేరియం అమ్మేవాళ్లు ఎక్కువగా చెప్పే మాట ఇది. చాలాసార్లు అసలు కారణం ఆ ట్యాంకులోనే ఈదుతుంటుంది. రెండంగుళాల పిల్లగా వచ్చిన చేప అడుగు పొడవైంది, ఇక అందులో పట్టడం లేదు. హైదరాబాద్‌లో నేనూ అలాంటిదే ఒకటి తెచ్చుకున్నాను. స్టాండు, ఫిల్టరు, మూత, లోపల జానెడేసి ఉన్న రెండు ఆస్కార్ చేపలు, అన్నీ కలిపి ఒకే రేటు. చవకే అనుకున్నాను. ఆ తర్వాత ఏడాదిలో ఈ కింద రాసినవి దాదాపు అన్నీ చూశాను.

చేప ఒళ్లు విల్లులా వంచి తిరుగుతోంది, మూతి గీసుకుపోయింది

కారణం: ట్యాంకు వెడల్పు చాలడం లేదు. కొనేటప్పుడు మనం పొడవు చూస్తాం, ఎన్ని లీటర్లు పడతాయని అడుగుతాం. చేపకి ముందు కావలసింది వెనక్కి తిరగడానికి చోటు. నా ట్యాంకు 36 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 15 ఎత్తు. నీళ్లు 106 లీటర్లు. ఆస్కార్ పూర్తిగా ఎదిగితే 12 అంగుళాలు దాటుతుంది. అంటే ముందు గాజుకీ వెనక గాజుకీ మధ్య అది అడ్డంగా నిలబడటానికే చోటుండదు, ఇక తిరగడం ఎక్కడ!

అంగుళం చేపకి గాలన్ నీళ్లు అనే లెక్క షాపుల్లో ఇంకా వినిపిస్తుంది. చిన్న చేపలకి ఏదో సర్దుకోవచ్చు గానీ పెద్దవాటికి అది పనికిరాదు. చేప పొడవు రెండింతలైతే బరువు దాదాపు ఎనిమిదింతలవుతుంది, తిండీ మలమూ దానికి తగ్గట్టే పెరుగుతాయి. అడుగు పొడవున్న ఆస్కార్‌ని అంగుళం ఉండే నియాన్ చేపలు పన్నెండింటితో సమానం అనుకుంటే నీళ్లు వారం తిరక్కుండానే చెబుతాయి.

పరిష్కారం: ట్యాంకు చూడటానికి వెళ్లేటప్పుడు టేపు పట్టుకెళ్లండి. నేను వాడే కొలత ఇది: చేప పూర్తిగా ఎదిగినప్పటి పొడవుకి ట్యాంకు పొడవు నాలుగింతలైనా ఉండాలి, వెడల్పు ఆ చేప పొడవుకంటే కాస్త ఎక్కువే ఉండాలి. ఎత్తు ఎంతున్నా ఈ రెండింటి లోటు తీర్చదు.

మూడడుగుల పొడవు, అడుగు వెడల్పున్న ట్యాంకులో పెద్ద చేప మాట మరచిపోండి. నీలం గౌరామీలు, నీళ్ల లోతు బాగా ఉంటే ఏంజెల్ జత పెట్టుకోవచ్చు. 4 అడుగులు, ఒకటిన్నర, ఒకటిన్నర అయితే 255 లీటర్లు. అందులో ఒక్క ఆస్కార్, లేదా ఒక్క ఫ్లవర్‌హార్న్, లేదా రెండు సెవెరమ్‌లు, లేదా మూడు బ్లడ్ ప్యారట్లు. "లేదా" అన్న మాట గమనించండి, అన్నీ కలిపి కాదు. నన్నడిగితే మొదటిసారి పెంచేవాళ్లకి సెవెరమ్ మంచిది. ఎనిమిది అంగుళాల దగ్గర ఆగుతుంది, చూడ్డానికి పెద్ద చేపలాగే ఉంటుంది, ఆస్కార్ అంత చెత్త చేయదు. ఆస్కార్ జత కావాలంటే 6 అడుగులు, రెండు, రెండు ఉండాలి. అది 680 లీటర్లు.

సిల్వర్ అరొవానా రెండున్నర, మూడడుగులు పెరుగుతుంది. దాన్ని ఆరడుగుల ట్యాంకులో కూడా చిన్నప్పుడు మాత్రమే ఉంచగలం. రెడ్ టెయిల్ క్యాట్‌ఫిష్, మొసలి మూతి గార్ చేప ఇళ్లలో పెంచేవి కావు. ఇక షార్క్ అని చెప్పి కవర్లో కట్టిచ్చే ఆ వెండి రంగు పిల్ల షార్క్ కానే కాదు. కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువుల్లో కూరకి పెంచే పంగాసియస్సే అది. మూడడుగులు దాటుతుంది, గుంపులో తప్ప కుదురుగా ఉండదు, బెదిరితే గాజుకేసి కొట్టుకుంటుంది. చెరువు చేపని హాల్లో పెట్టుకుని బాధపడటం ఎందుకు?

ట్యాంకు తెచ్చిన వారంలోపే చేప పైకొచ్చి నోరు తెరుస్తోంది, మొప్పలు ఎర్రబడ్డాయి

ఇది నా చేతులారా జరిగింది. తెచ్చిన రోజు ట్యాంకుతో పాటు ఫిల్టర్ స్పాంజిని కూడా కుళాయి కింద పెట్టి తెల్లగా పిండాను. చాలా శుభ్రంగా ఉందని మురిసిపోయాను కూడా. ఆ గోధుమరంగు జిగటలోనే చేప విసర్జించే అమోనియాని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఉంటుంది. కుళాయి నీళ్లలో ఉండే క్లోరిన్ ఆ బ్యాక్టీరియాని చంపేస్తుంది. ఆ బ్యాక్టీరియా మళ్లీ తయారవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఈలోపు రెండు పెద్ద చేపలు అమోనియా వదులుతూనే ఉంటాయి. బోరు నీళ్లు వాడేవాళ్లకి ఇంకో తంటా ఉంది. నీళ్లలో పీహెచ్ (క్షారగుణం) ఎక్కువగా ఉంటే అదే అమోనియా ఇంకా విషమవుతుంది.

వెంటనే చేయాల్సింది: మేత ఆపేయండి. సగం నీళ్లు మార్చండి. కొత్త నీళ్లలో క్లోరిన్ తీసే మందు వేయండి, వేడి పాత నీళ్లకి దగ్గరగా ఉండేలా చూడండి. ఎయిర్ పంపు ఎక్కువ పెట్టండి. టెస్ట్ కిట్ కొని అమోనియా, నైట్రైట్ సున్నాకి వచ్చేదాకా రోజూ చూస్తూ, అవి కనబడినప్పుడల్లా నీళ్లు మార్చండి. తెలిసినవాళ్ల పాత ట్యాంకు నుంచి మురికి స్పాంజి ముక్క దొరికితే తెచ్చి మీ ఫిల్టర్లో పెట్టండి, అంతకన్నా మంచి మందు లేదు.

ఇంకా కొనకముందే ఇది చదువుతుంటే, ఫిల్టర్ స్పాంజిని అదే ట్యాంకు నీళ్లు పోసిన బకెట్లో మునిగేలా తీసుకురండి. ఎండితే అంతా వృథా.

నీళ్లు పరీక్షలో బాగానే ఉండి, ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లోనే చేప పైకొస్తుంటే అది వేడి. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. లైటు ఆపండి, నీటి పైభాగానికి ఫ్యాను గాలి తగిలేలా పెట్టండి, గాలి బుడగలు పెంచండి. ఐసు గడ్డలు గుమ్మరించకండి.

ట్యాంకు మూల దగ్గర తడి

ఖాళీగా నెలల తరబడి ఎండలో ఉన్న ట్యాంకులో సిలికాన్ గట్టిపడి గాజు నుంచి లేస్తుంది. అందుకే చేప కన్నా ముందు నీళ్లు. నేలపై చదునుగా పెట్టి, అడుగున పాత న్యూస్ పేపర్ పరిచి, అంచుదాకా నింపి మూడు రోజులు వదిలేయండి. కంటికి కనబడని చెమ్మ కూడా పేపర్ మీద నల్లటి మరకగా తేలుతుంది.

పాత సిలికాన్ మీద కొత్తది పట్టదు. లోపలి అంచు సిలికాన్ మొత్తం బ్లేడుతో గీకి, స్పిరిట్‌తో తుడిచి, నాలుగు మూలలా ఒకేసారి కొత్తది పెట్టాలి. ఫంగస్ రాకుండా మందు కలిపిన బాత్రూం సిలికాన్ వద్దు. వెనిగర్ లాంటి ఘాటు వాసన పూర్తిగా పోయేదాకా, తక్కువలో తక్కువ మూడు రోజులు, నీళ్లు పోయకండి. గాజుకీ గాజుకీ మధ్య కీలులో బుడగలు, తెల్లటి చారలు కనిపిస్తే మాత్రం గీకి సరిచేసే బేరం కాదు. విప్పి మళ్లీ అతికించాలి, లేదా కొనకుండా వదిలేయాలి.

స్టాండు మీద పెట్టేటప్పుడు రసమట్టం పెట్టి చూడండి, అడుగున థర్మోకోల్ షీటు వేయండి. నాలుగడుగుల ట్యాంకు నిండితే గాజు, రాళ్లతో కలిపి 300 కిలోలు దాటుతుంది.

ఆస్కార్ పక్కకి పడుకుంది, తినడం లేదు

మొదటి రెండు మూడు రోజులైతే కంగారు పడకండి. చోటు మారితే ఆస్కార్ అలుగుతుంది, నిజంగానే పక్కకి ఒరిగి పడుకుంటుంది. లైటు తగ్గించి వదిలేస్తే లేస్తుంది. వారం దాటినా తినకపోయినా, తల మీద సూదితో గుచ్చినట్టు గుంటలు కనిపించినా నీళ్లు పాడయ్యాయని ముందుగా అనుమానించండి. టెస్ట్ కిట్‌లో నైట్రేట్ 40 పీపీఎం దాటుతుంటే వారానికి మూడో వంతు నీళ్లు మార్చడం చాలట్లేదని అర్థం. బతికున్న గోల్డ్‌ఫిష్ మేపడం మానండి. దాంతో రోగాలు వస్తాయి, విటమిన్ బి1 లోపమూ వస్తుంది. మంచి పెల్లెట్లు చాలు.

చిన్న చేపలు మాయం, పెద్దవాటి తోకలు చిరుగుతున్నాయి

నోట్లో పట్టేదంతా మేతే, అక్కడ చెప్పేదేమీ లేదు. సమానంగా ఉన్న రెండు పెద్దవి కొట్టుకుంటుంటే ఒకదాన్ని తీసేయడమే దారి. ఫ్లవర్‌హార్న్ అయితే మొదటి నుంచీ ఒంటరిగానే పెట్టండి.

చేపని తీసేయాలి, కానీ ఎక్కడికి?

చెరువులో మాత్రం కాదు. గాజు మీద పాకుడు తింటుందని కొన్న సక్కర్ ఫిష్ అడుగున్నర పెరుగుతుంది. అలా వదిలేసినవే ఇవాళ మన నదుల్లో, చెరువుల్లో దెయ్యపు చేపలై జాలర్ల వలలు చింపుతున్నాయి. పెద్ద చేపకి షాపువాళ్లు చాలామంది డబ్బివ్వరు గానీ ఊరికే అయితే తీసుకుంటారు. పిల్లని కొనే రోజే, పెద్దదయ్యాక వెనక్కి తీసుకుంటారా అని అడిగి పెట్టుకోండి. తీసుకెళ్లేటప్పుడు కవరు వద్దు, రెక్కల ముళ్లకి చిల్లు పడుతుంది. ట్యాంకు నీళ్లే సగం పోసిన పెద్ద బకెట్, బ్యాటరీ ఎయిర్ పంపు, పైన గట్టి మూత. నా రెండో ఆస్కార్ ఆటోలో మూత ఎగరగొట్టింది, మిగతా దారంతా దాని మీద చెయ్యి అదిమిపెట్టి కూర్చున్నాను.