క్లౌడ్ సర్వర్ పాఠాలు – 4: స్నాప్‌షాట్‌తో సర్వర్‌ని ఇంకో క్లౌడ్‌కి తరలించడం

పోయిన పాఠంలో స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డిస్క్ ఎలా ఉందో అలా తీసిన కాపీ) తీసి, దాని నుంచి అదే క్లౌడ్‌లో కొత్త మిషన్, అంటే వర్చువల్ సర్వర్, లేపాం. ఈసారి ఒక ఓపెన్‌స్టాక్ (క్లౌడ్ నడపడానికి వాడే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్) క్లౌడ్‌లో ఉన్న మిషన్‌ని, వేరే కంపెనీ నడిపే ఇంకో ఓపెన్‌స్టాక్‌కి తీసుకెళ్దాం.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు అనుకోండి. ధాన్యం లారీ కాంటా ఎక్కగానే తూకం చీటీ ఈ సర్వర్‌లో పడుతుంది. ఉబుంటు, లోపల మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, 40 జీబీ డిస్క్.

మొదట అనువైన రోజు చూసుకోండి. యాసంగి కోతలప్పుడు మిల్లుల ముందు లారీలు బారులు తీరి ఉంటాయి, అప్పుడు ఈ పని పెట్టుకోవద్దు. స్నాప్‌షాట్‌లో ఉండేది ఆ క్షణానికి డిస్క్ మీద ఉన్నది మాత్రమే. ఆ తర్వాత పాత సర్వర్‌లో పడిన ఒక్క చీటీ కూడా కొత్తదానిలోకి రాదు. కాబట్టి కాంటా ఆపించండి, చివరి చీటీ నంబరు కాగితం మీద రాసుకోండి, మైఎస్‌క్యూఎల్ ఆపి మిషన్ షట్‌డౌన్ చేశాకే తీయండి. నడుస్తుండగా తీసినా, మైఎస్‌క్యూఎల్‌లో డేటా దాచే భాగమైన ఇన్నోడీబీ తన లాగ్ చూసుకుని చాలాసార్లు కోలుకుంటుంది. మిల్లు లెక్కల విషయంలో ఆ ‘చాలాసార్లు’ నాకు సరిపోదు.

షట్‌డౌన్‌కి ముందు ఇంకో రెండు పనులు. ఏ డిస్క్ ఎక్కడ తగిలించాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో డిస్కులు వీడీఏ, వీడీబీ పేర్లతో ఉంటే, చోటు మారినా మారని గుర్తింపు సంఖ్య యూయూఐడీకి మార్చండి. ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగులుండే నెట్‌ప్లాన్ ఫైల్‌లో పాత మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు) ఉందేమో చూడండి. కొత్త చోట మ్యాక్ మారుతుంది, అప్పుడు నెట్‌వర్క్ లేవకపోతే కన్సోల్ (క్లౌడ్ వెబ్‌పేజీలో కనిపించే మిషన్ తెర) ఒక్కటే దారి. దానికి పాస్‌వర్డ్ కావాలి, ఎస్‌ఎస్‌హెచ్ కీతోనే లాగినయ్యే అలవాటున్నవాళ్లు ముందే పెట్టుకోండి.

ఇక స్నాప్‌షాట్. ‘సర్వర్ ఇమేజ్ క్రియేట్’ కమాండ్ ఇస్తే, ఓపెన్‌స్టాక్‌లో ఇమేజ్‌లు దాచే సర్వీసైన గ్లాన్స్‌లో ఇమేజ్ తయారవుతుంది. యాక్టివ్ అయ్యాక సైజు చూడండి. సున్నా కనిపిస్తే టెన్షన్ పడొద్దు, అలాగని డౌన్‌లోడ్ కూడా మొదలుపెట్టొద్దు. మీ మిషన్ సిండర్ (ఓపెన్‌స్టాక్‌లో డిస్కులిచ్చే సర్వీసు) వాల్యూమ్ నుంచి, అంటే విడి డిస్క్ నుంచి, బూట్ అవుతోందని అర్థం. అసలు డేటా సిండర్‌లో వాల్యూమ్ స్నాప్‌షాట్‌గా ఉంది, గ్లాన్స్‌లో ఉన్నది గోదాము తాళంచెవి లాంటిది, ధాన్యం కాదు. అదే క్లౌడ్‌లో దాంతో మిషన్ లేస్తుంది కాబట్టి పోయిన పాఠంలో ఈ తేడా బయటపడలేదు. బయటికి తీయాలంటే ఆ వాల్యూమ్ స్నాప్‌షాట్ నుంచి కొత్త వాల్యూమ్ చేసి, ఆ వాల్యూమ్‌ని క్యూకౌ2 (డిస్క్‌లో ఖాళీ చోటు వదిలేసి చిన్న ఫైల్‌గా దాచే) ఫార్మాట్‌లో గ్లాన్స్‌కి అప్‌లోడ్ చేయాలి. ఇప్పుడు సైజు దగ్గర నిజమైన అంకె వస్తుంది. డేటాకి రెండో వాల్యూమ్ తగిలించి ఉంటే దానికీ ఇదంతా విడిగా చేయాలి. మర్చిపోతే కొత్త సర్వర్ చక్కగానే లేస్తుంది, లెక్కలే ఉండవు.

‘ఇమేజ్ సేవ్’ కమాండ్‌తో ఫైల్ దించుకోవాలి, కానీ ఇంట్లో ల్యాప్‌టాప్‌లోకి వద్దు. 20 జీబీ ఫైల్ 40 ఎంబీపీఎస్ లైన్ మీద దిగడానికే గంట దాటుతుంది, మళ్లీ ఎక్కించాలి, మధ్యలో కరెంటు పోతే మొదటికొస్తుంది. కొత్త క్లౌడ్‌లోనే ఒక చిన్న మిషన్ లేపి, టీమక్స్‌లో (కనెక్షన్ తెగినా పని ఆగకుండా ఉంచే ప్రోగ్రామ్) దానిలోకి దించి, ఫైల్ పాడవకుండా వచ్చిందో చెప్పే చెక్‌సమ్ సరిచూసి, అక్కడి నుంచే ఆ క్లౌడ్ గ్లాన్స్‌కి ఎక్కించండి. ఫైల్ 20 జీబీయే అయినా లోపలి డిస్క్ 40 జీబీ. అంతకన్నా చిన్న డిస్క్ ఉన్న ఫ్లేవర్ (మిషన్ సైజు) ఎంచుకుంటే మిషన్ లేవదు.

వేరే రకం క్లౌడ్‌కైతే ఫార్మాట్ మార్చాలి. ఏడబ్ల్యూఎస్ క్యూకౌ2 తీసుకోదు, రా (raw), వీఎండీకే లాంటి ఫార్మాట్‌లో ఇవ్వాలి. అజూర్‌కి ఫిక్స్‌డ్ వీహెచ్‌డీ కావాలి. క్యూఈఎంయూ-ఐఎంజీ (qemu-img) కన్వర్ట్ కమాండ్‌తో ఈ మార్పులన్నీ అయిపోతాయి. ఏడబ్ల్యూఎస్‌లోనే ముంబై నుంచి, 2022 నవంబర్‌లో మొదలైన హైదరాబాద్ రీజియన్‌కి పోవాలంటే ఈ దించుడూ ఎక్కించుడూ ఏమీ అక్కర్లేదు, ఏఎంఐని (ఏడబ్ల్యూఎస్‌లో మిషన్ ఇమేజ్) ఆ రీజియన్‌కి కాపీ చేస్తే చాలు.

కొత్త మిషన్ మొదటిసారి లేచినప్పుడు క్లౌడ్-ఇనిట్ (మొదటి బూట్‌లో సెట్టింగులు పెట్టే ప్రోగ్రామ్) దాన్ని కొత్త ఇన్‌స్టాన్స్‌గా గుర్తించి, మామూలుగా సర్వర్‌ని గుర్తుపట్టే ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు మళ్లీ తయారుచేస్తుంది. అందుకే డీఎన్‌ఎస్ (పేరుని ఐపీకి కలిపే పట్టిక) మారాక పాత పేరుతో లాగినైతే ఎస్‌ఎస్‌హెచ్ హెచ్చరిస్తుంది. సెక్యూరిటీ గ్రూపులు (ఫైర్‌వాల్ నియమాలు), ఫ్లోటింగ్ ఐపీ (మిషన్‌కి తగిలించే పబ్లిక్ అడ్రస్) వెంట రావు, మళ్లీ పెట్టుకోవాలి. రాసుకున్న చీటీ నంబరు డేటాబేస్‌లోని చివరి నంబరుతో కలిస్తేనే కాంటా వాళ్లకి సరే అనండి. పాత మిషన్‌ని అప్పుడే తీసేయకండి, ఆన్ కూడా చేయకండి. ఆన్ చేస్తే, రైతులకు ఎస్‌ఎంఎస్‌లు పంపే క్రాన్ (టైముకి దానంతట నడిచే పని) ఉంటే రెండు సర్వర్ల నుంచీ వెళ్తాయి.

అభ్యాసం: ఖాళీ మిషన్లు రెండు లేపండి, ఒకటి ఇమేజ్ నుంచి, ఒకటి వాల్యూమ్ నుంచి. రెండింటికీ స్నాప్‌షాట్ తీసి గ్లాన్స్‌లో సైజులు పోల్చండి. కాంటా కంప్యూటర్‌లో ఇంకా పాత ఐపీయే ఉంది కదా, దాని బదులు పేరు పెట్టి డీఎన్‌ఎస్‌తో మళ్లించడం వచ్చే పాఠం.