పగటి ఎండను రాత్రికి దాచుకోవడం: అనంతపురం చలికి మా ఇంటి ఏర్పాట్లు

మా అనంతపురంలో చలి అంటే రాత్రి చలే. డిసెంబరులో కూడా మధ్యాహ్నం మిద్దె మీదికి పోతే ఎండ చురుక్కుమంటుంది. పొద్దు వాలిందంటే మాత్రం బండలు చల్లబడిపోతాయి, తెల్లారుజాము నాలుగింటికి మోకాళ్ళు కడుపులోకి ముడుచుకోవాల్సిందే. అందుకే రూమ్ హీటర్ కొంటామనే వాళ్ళకు నేను చెప్పేది ఒకటే: పగలు ఊరికే వస్తున్న వేడిని రాత్రికి దాచుకునే దారి ముందు చూడండి.

నేను ఇంట్లోనే మిషన్ కుడతాను. మాది పైఅంతస్తు, సిమెంటు మిద్దె, కింద కడప బండలు. మా అత్తకు డెబ్బై దాటాయి, ఉబ్బసం. ఇవన్నీ ఆమె కోసమే మొదలుపెట్టాను.

చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి తిరుగుతాడు. డిసెంబరు నెలాఖరులో మా ఊళ్ళో మిట్టమధ్యాహ్నం కూడా 52 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. కాబట్టి దక్షిణం కిటికీలో సజ్జ కిందుగా ఎండ లోపలికి దిగుతుంది. పది గంటలకల్లా పరదా పక్కకు లాగి, ఎండ పడే చోట చాప, సామాను తీసేయండి, బండ మీదనే పడనివ్వండి. ఎండ తాగిన రాయి చీకటి పడ్డాక కూడా కాసేపు వెచ్చదనం వదులుతుంది. పుష్యమాసంలో పూస గుచ్చే పొద్దుండదంటారు కదా, ఏమరిస్తే ఆ వేడంతా బయటికి పోతుంది. కిటికీ దగ్గర చెయ్యి పెట్టి చూడండి, బయటి గాలి చల్లగా తగలడం మొదలైతే అదే కిటికీ మూయాల్సిన వేళ. మా ఇంట్లో అది నాలుగున్నర, అయిదు మధ్యలో వస్తుంది. దోమలు లోపలికి దూరేది కూడా ఆ తర్వాతే.

బండ చల్లదనం మాట కూడా చెప్పాలి. రాయి మన కాలి వేడిని గబగబా లాగేసుకుంటుంది. మధ్యలో గోనెసంచి ఒకటి ఉన్నా ఆ లాగుడు తగ్గుతుంది. అయితే పెద్దవాళ్ళు రాత్రి లేచి నడిచే దారిలో జారే పట్టాలు పరవొద్దు, మేజోళ్ళతో బండల మీద నడవనివ్వొద్దు. రబ్బరు చెప్పులు మంచం పక్కనే పెట్టండి.

పడకలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పైన రెండు రగ్గులు కప్పుకుంటారు, కింద పలుచని దుప్పటి పరుచుకుంటారు. నవారు మంచం అయితే కిందనుంచే చలి ఎక్కుతుంది. ఉన్న కంబళిని ముందు కిందికి వేయండి, పైకి బొంత చాలు.

బొంత కుట్టడం కష్టమేమీ కాదు. పాత నూలు చీరలు మూడు కావాలి, ఎన్ని ఉతుకులు పడి ఉంటే అంత మంచిది. ఉతికి ఎండలో గలగలలాడేట్టు ఆరబెట్టండి. చీర అయిదున్నర మీటర్లు, అంటే పద్దెనిమిది అడుగులు. దాన్ని మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు వస్తుంది, వెడల్పు చీర పన్నా ఎంతుంటే అంత. అట్లా మూడు చీరలూ ఒకదాని మీద ఒకటి పరిస్తే తొమ్మిది పొరలు. చిరుగులున్నది మధ్యలో పెట్టండి. అరచేత్తో ముడతలు సవరించి, ముందు నడిమిలో ఒక వరస కుట్టి, అక్కడినుంచి అంచులకు రండి. అంచునుంచి మొదలుపెడితే పొరలన్నీ నడిమికి పోగుపడి గడ్డ కడతాయి. వరసకు వరసకు బెత్తెడు ఎడం ఉండాలి. మిషన్ మీదైతే 18 నంబరు సూది వేయండి, చేత్తో అయితే దారం బిగించి లాగొద్దు. పొరల మధ్య చిక్కుకున్న గాలే మనల్ని వెచ్చగా ఉంచేది, బిగిస్తే ఆ గాలికి చోటుండదు. రెండు మూడు రోజులకొకసారి బొంతను పదింటికి ఎండలో వేసి మూడింటికి లోపలికి తెచ్చేయండి. చెమట చెమ్మ పట్టిన గుడ్డ వెచ్చదనం ఇవ్వదు.

తలుపు కింది సందుకు మూడడుగుల గుడ్డ గొట్టం కుట్టి, అందులో పొడి ఇసుక నింపి అడ్డం పెట్టాను. పాత ప్యాంటు కాలు ఒకటి సరిపోయింది. పైన వెంటిలేటర్‌ను మాత్రం ఇప్పుడు మూయను. ఎందుకో చెబుతాను.

రెండేళ్ళ కింద, ఈ పద్ధతులేవీ తెలియక ముందు, అత్త వణుకుతోందని కుంపట్లో బొగ్గులు రాజేసి ఆమె గదిలో పెట్టాను. పొగ లేదు కదా అని తలుపు, కిటికీ, వెంటిలేటర్ అన్నీ మూసేశాను. తెల్లారుజామున నీళ్ళిద్దామని పోతే అత్త తల పగిలిపోతోందంటూ వాంతి చేసుకుంటోంది, లేచి నిలబడలేకపోయింది. నేను, మా ఆయన ఆమెను మోసుకుని బయటి గాలికి తెచ్చాము. ఆసుపత్రిలో డాక్టరు ఇది కార్బన్ మోనాక్సైడ్, బొగ్గులు కాలేటప్పుడు వచ్చే విషవాయువు అని చెప్పారు. దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి. బొగ్గుల కుంపటి పడకగదిలోకి తేవద్దు. గ్యాసు గీజరు కూడా గాలి ఆడని బాత్‌రూములో వద్దు.

ఇక కరెంటు. రెండు వేల వాట్ల రూమ్ హీటర్ పూర్తిగా మండితే గంటకు రెండు యూనిట్లు. రాత్రి ఎనిమిది గంటలు అట్లా నడిస్తే పదహారు. యూనిట్లు పెరిగేకొద్దీ స్లాబు మారి రేటు కూడా పెరుగుతుంది. స్నానానికి ఇరవై లీటర్ల బకెట్‌ను ఇరవై డిగ్రీలు వేడి చేయాలంటే సుమారు అర యూనిట్ పడుతుంది. పదిహేను లీటర్ల గీజరుకు ఇరవై నిమిషాలు చాలు, రోజంతా స్విచ్ వేసి ఉంచితే ట్యాంకులోని వేడి ఊరికే పోతుంటుంది. రాడ్డు వాడేవాళ్ళు స్విచ్ ఆపి, ప్లగ్గు పీకాకే నీళ్ళలో వేలు పెట్టండి.

మా ఇంట్లో అయితే అత్త స్నానం మధ్యాహ్నం మూడింటికి మార్చాము. పొద్దున మూత పెట్టిన నల్ల డ్రమ్ములో నీళ్ళు పోసి మిద్దె మీద పెడితే, ఆ వేళకు ఆమెకు సరిపడా వెచ్చగా ఉంటాయి. ఒక్కోరోజు చాలకపోతే ఒక చెంబు ఉడుకునీళ్ళు కలుపుతాను. స్నానమయ్యాక ఎండలో తల ఆరబెట్టుకుంటుంది. అప్పటినుంచి రాత్రి దగ్గు కూడా తగ్గింది.

తిండికి కొత్తగా ఏమీ చేయక్కర్లేదు. వేడి సంగటి, ఉలవకట్టు, మిరియాల చారు మనవే. దాహం వేయదని నీళ్ళు మానేస్తారు, అది చూసుకోండి. రాత్రికి ఫ్లాస్కు నింపి పెడితే మళ్ళీ స్టవ్ వెలిగించే పని ఉండదు. మడమల పగుళ్ళకు ఆముదం. దోమల చుట్ట పొగ ఉబ్బసం వాళ్ళకు పడదు, దోమతెర కట్టండి, గాలి విసురు కూడా ఆగుతుంది. పాదాల దగ్గర ఉడుకునీళ్ళ సంచి పెట్టేటప్పుడు గుడ్డ చుట్టాలి. షుగరు ఉన్నవాళ్ళకు కాలు మొద్దుబారి ఉంటే కాలినా తెలియదు, వాళ్ళకు వద్దే వద్దు.

ఆయాసంతో మాట మధ్యలో ఆగిపోతున్నా, పెదాలు నీలంగా మారినా, ఛాతీలో నొప్పి అన్నా ఆవిరి పట్టిస్తూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి. అత్త ఇన్‌హేలర్, మందుల చీటీ, ఒక చిన్న టార్చిలైటు పట్టేట్టు గుడ్డ సంచి కుట్టి ఆమె మంచం తలాపున మేకుకు తగిలించాను. చీకట్లో చెయ్యి చాపినా అందుతుంది.